వరుస తప్పనివ్వని కృపారాణి

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పొద్దున పోయే బస్సులో రుమాలు వేసి సీటు ఆపుకుంటే చెల్లదు. కనీసం కృపారాణి ఎక్కే బస్సులో చెల్లదు. ఆమె ఆ రుమాలును రెండు వేళ్ళతో పైకెత్తి, "ఇది ఎవల్దన్నా? దీనికి టికెట్ తీసుకున్నరా?" అని బస్సంతా వినపడేలా అడుగుతుంది. రుమాలు యజమాని కిటికీ బయట నిలబడి పళ్ళికిలిస్తాడు. ఆమె ఇకిలించదు. రుమాలు అతని చేతికే ఇచ్చేసి, ముందుగా ఎక్కిన ముసలామె ఎవరైనా ఉంటే కూర్చోబెడుతుంది, లేకపోతే తనే కూర్చుంటుంది. మొండిఘటం అని కొందరంటారు, నోటి దురుసు అని ఇంకొందరంటారు. ఆమె భర్త సుందర్ మాత్రం, "మా ఇంట్లనే పోలీస్ స్టేషన్ ఉన్నది, బయటికి పోవుడెందుకు" అని నవ్వుతాడు. కామారెడ్డిలో ఒక మందుల దుకాణంలో పనిచేసే సుందర్‌కు కోపం రావడం ఎవరూ చూడలేదు. ఆ ఇంటికి సరిపడా కోపం ఈమె ఒక్కతే పుట్టింటి నుంచి తెచ్చుకుంది.

పుట్టిల్లు రాజంపేట. తల్లి మరియ నాట్లకూ కలుపులకూ కూలికి పోయేది. అలాంటి రోజుల్లో రేషన్ సరుకులిచ్చే కంట్రోల్ దుకాణం దగ్గర డబ్బా పట్టుకుని కిరసనాయిలు కోసం నిలబడే పని ఈ పిల్లది. ఒకసారి ఒక పెద్దమనిషి వచ్చి, "చిన్నపిల్లవు, నీకేం తొందర" అని రెక్క పట్టుకుని వెనక్కి లాగి, ఆ చోట తన డబ్బా పెట్టుకున్నాడు. పిల్ల మళ్ళీ ముందుకొచ్చింది. ఆయన మళ్ళీ లాగాడు. మళ్ళీ వచ్చింది. చెంప మీద ఒకటి పడింది. ఏడుస్తూనే వచ్చి అదే చోట నిలబడింది. చివరికి దుకాణం అతనికే విసుగొచ్చి ముందు ఈమెకు పోసి పంపాడు. "అది ఏడ్సుకుంట గూడ వరుస ఇడువలె" అని మరియ ఇప్పటికీ చర్చిలో పక్కన కూర్చున్నవాళ్ళకు చెబుతుంటుంది. గొప్పగా చెబుతుందో, ఈ పిల్లతో ఎలా వేగానో చూడండని చెబుతుందో ఆమెకే తెలియాలి.

కృపారాణి కామారెడ్డిలో బీకాం చదివింది, ఒక జిరాక్స్ సెంటర్లో కొన్నాళ్ళు దరఖాస్తులు టైపు చేసింది, ఆ తర్వాత ఎల్లారెడ్డిలో రైతుల కోత మిషన్ల సంఘంలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరింది. చుట్టుపక్కల ఊళ్ళలోని చిన్న రైతులు కలిసి పెట్టుకున్న సంఘం అది. అందరూ తలా ఇంత వేసుకుని వరి కోత మిషన్లు కొన్నారు. యాసంగి, అంటే రబీ పంట చేతికొచ్చే రోజుల్లో అందరికీ ఒకేసారి మిషన్ కావాలి, ఉన్నవేమో కొన్నే. అందుకని మొట్టమొదటి సమావేశంలోనే ఒక తీర్మానం చేసుకున్నారు. ఎవరు ముందు నాటు వేస్తే వాళ్ళ పొలం ముందు కోయాలి. ముందు నాటిన వరే కదా ముందు పండేది, ఇంతకంటే న్యాయం ఇంకేముంటుంది? "ముందు నాటు, ముందు కోత" అని ఆఫీసు గోడ మీద రంగుతో రాయించారు కూడా. గోడ మీద రాసినంత మాత్రాన జరిగిపోతుందా, మీరే చెప్పండి.

ఆఫీసు కంప్యూటర్లో ఒక ఎక్సెల్ ఫైలు ఉంది. అందులో ఒక్కో ఊరికి ఒక్కో ట్యాబ్. తెర అడుగున తాడ్వాయి, గాంధారి, గాంధారి చుట్టూ ఉన్న తండాలు, ఇంకా బోలెడు ఊళ్ళు వరుసగా కనిపిస్తాయి. ఏ ట్యాబ్ తెరిచినా రైతు పేరు, పొలం ఎంత, నాటు వేసిన తేదీ. కోతల కాలంలో రోజూ కొత్త పేర్లు వస్తుంటాయి, కోత అయిపోయినవి తీసేయాలి. అంటే రోజూ పొద్దున కృపారాణి ఒక్కో ట్యాబ్ తెరవాలి, మిగిలిన పేర్లు కాపీ చేయాలి, పెద్ద షీట్‌లో అతికించాలి, తేదీ చూసి దాని చోట దాన్ని పెట్టాలి, మళ్ళీ ఇంకో ఊరికి పోవాలి. నలభై ఊళ్ళు కుర్చీలో కూర్చునే తిరగాలి. నడుమ ఎవరో ఒకరు "మా వంతు ఎప్పుడమ్మా" అని తలుపులో నిలబడితే ఏ ఊరి దాకా వచ్చిందో మరిచిపోయి మళ్ళీ మొదటి నుంచి. జాబితా పూర్తయ్యేసరికి మధ్యాహ్నం అన్నం వేళ దాటిపోయేది.

ఆ ఆలస్యమే సంఘం అధ్యక్షుడు హనుమాండ్లుకు కలిసొచ్చేది. సరిగ్గా పని నడుమ ఫోన్ మోగేది.

"బిడ్డా, జాబితా అయ్యిందా? కాలేదా? మంచిగైంది. నడుమ ఒక పేరు పెట్టు. మనోడే."

రోజూ ఒక మనోడు. ఒక రోజు ఇద్దరు మనోళ్ళు. హనుమాండ్లు లంచం తినే మనిషి కాదు, ఆ మాట కూడా చెప్పాలి. ఎవరి దగ్గరా చాయ్ కూడా ఊరికే తాగడు. ఆయనకు కావలసింది ఒక్కటే. ఏ పెళ్ళికి పోయినా నలుగురు కుర్చీ తెచ్చి వేసి, "సారు చెప్తే పనైతది" అనాలి. ఆ ఒక్క మాట కోసం ఎవరి పొలం రాలిపోయినా ఆయనకు పట్టదు.

కృపారాణి ఒకసారి అడిగింది. "తీర్మానంల గిట్ల లేదు గద సారూ?"

"తీర్మానం గోడ మీద ఉంటది బిడ్డా. మనం మనుషులతోని బతకాలె గద." ఆయన ఎంత ప్రేమగా అన్నాడంటే, పక్కన విన్నవాడు ఎవరైనా ఈమెదే తప్పనుకుంటాడు. ఆమె పళ్ళు నూరుకుంటూ ఆ పేరు నడుమ పెట్టింది. ఆ రోజు బస్సులో రుమాళ్ళ జోలికి కూడా పోలేదు.

జిరాక్స్ సెంటర్లో ఉన్నప్పుడు మాక్రో అనే మాట చెవిన పడింది. ఇప్పుడు దాని మీద ధ్యాస పడింది. బస్సు తాడ్వాయి దాటేదాకా ఒక వీడియో, ఎల్లారెడ్డి చేరేదాకా ఇంకొకటి. మాక్రో అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఒక పనిని మనం ఒకసారి చేసి చూపిస్తే కంప్యూటర్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ఒక్క బటన్ నొక్కితే చాలు, ఆ పనంతా అదే చేసి పెడుతుంది. మనకు విసుగు పుడుతుంది, దానికి పుట్టదు. దానికి మనోడూ ఉండడు.

మొదటిసారి రికార్డ్ పెట్టి తాడ్వాయి ట్యాబ్ మీద పని చేసి చూపించింది. కాపీ చేయడం, అతికించడం, అంతా శ్రద్ధగా. తర్వాత గాంధారి ట్యాబ్ తెరిచి నొక్కింది. కంప్యూటర్ ఎంతో బుద్ధిగా తాడ్వాయి రైతులనే మళ్ళీ తెచ్చి అతికించింది. ఇంకో ట్యాబ్ తెరిచి నొక్కింది. మళ్ళీ తాడ్వాయే. అప్పుడే లోపలికొచ్చిన రాజలింగు తెరలోకి తొంగిచూశాడు. సంఘం తరఫున గాంధారి తండాలన్నీ బండి మీద తిరిగి, రైతుల పేర్లూ తేదీలూ తన ఫోన్‌లోనే టైపు చేసి ఆ ట్యాబ్‌లు పంపే మనిషి రాజలింగు.

"ఏందమ్మా గిది? దేశమంత తాడ్వాయే అయ్యిందా?"

"నవ్వకన్నా. రేపటి వరకు గాంధారి గూడ అయితది."

రేపటికి కాలేదు. ఎల్లుండికీ కాలేదు. చూపించిన ఊరి పేరునే అది గట్టిగా పట్టుకుని కూర్చుంటుందని, "ప్రతి షీట్‌కూ ఇదే పని చెయ్యి" అన్న ఆజ్ఞ మనమే చేత్తో రాసి పెట్టాలని ఆమెకు ఆలస్యంగా అర్థమైంది. ఆ నాలుగు లైన్లు రాయడానికి ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు. ఎర్ర అక్షరాలతో తప్పు తప్పు అని కంప్యూటర్ అంటున్నకొద్దీ ఈమెకు పంతం పెరిగింది. వెనక్కి లాగితే ఊరుకునే మనిషి కాదు కదా.

ఒక పొద్దున నొక్కింది. తెర మీద ఊళ్ళన్నీ గబగబా తిరిగాయి. తాడ్వాయి పోయింది, గాంధారి వచ్చింది, తండాలు వచ్చాయి, పోయాయి. పెద్ద షీట్ నిండిపోయింది, తేదీల ప్రకారం పేర్లు సర్దుకున్నాయి. పక్కన పెట్టిన చాయ్ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. కృపారాణి కుర్చీలోంచి లేచి నిలబడి, "అబ్బ! అయ్యింది పో!" అని చప్పట్లు కొట్టింది. ఆఫీసులో ఇంకెవరూ లేరు. షీట్ మీద ఒక ఎర్ర డబ్బా గీసి, దాని మీద "వరుస" అని రాసి, ఆ మాక్రోను దానికి కట్టింది. ఇక పనల్లా ఆ డబ్బాను నొక్కడమే.

హనుమాండ్లును ముందు అడగాలా వద్దా? అడిగితే వద్దంటాడు. అడగకపోతే అంటించాక తిడతాడు. తిట్టు పడితే పడిందిలే అనుకుంది. కాగితాలు ప్రింటు తీసి, ఆయన రాకముందే ఆఫీసు బయటి గోడ మీద, తీర్మానం కింద, అందరికీ కనబడేలా అంటించింది. మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా వరుసగా. పేర్లు చూసుకోవడానికి జనం ఎగబడ్డారు. అన్నం వేళ దాటాక గాని తెలియని సంగతి పొద్దున్నే గోడ మీద కనబడితే ఎగబడరా మరి.

హనుమాండ్లు వచ్చి గుంపు చూశాడు, గోడ చూశాడు. లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"ఎవలనడిగి అంటించినవ్?"

"తీర్మానాన్ని అడిగిన సారూ."

"గిది కంప్యూటర్ చేసిందా? మనిషి చెయ్యి పడకుంట సంఘం ఎట్ల నడుస్తది?"

"మనిషి చెయ్యి పడకుంటనే నడువాలె సారూ. ఇన్నొద్దులు చెయ్యి పడే గద గిట్లయింది."

ఆయన ముఖం మాడిపోయింది. బయట జనం ఉన్నారు, కాగితాలు చింపలేడు. పైగా అప్పుడే ఎవరో కిటికీలోంచి, "సారూ, మంచి పని చేయించిండ్రు" అన్నారు. "మన సంఘమంటే ఏమనుకున్నరు మరి" అని ఆయన నవ్వక తప్పలేదు. జాబితాలో మొదటి పేరు తాడ్వాయి లస్మయ్యది. మిగిలిన మిషన్లు అప్పటికే పొలాల్లో ఉన్నాయి; ఖాళీగా ఉన్న ఒక్కదాన్ని నడిపే చరణ్ ఆ పేరు చూసుకుని, ట్రాలీ మీద మిషన్ ఎక్కించుకుని తాడ్వాయికి బయలుదేరాడు. కృపారాణికి కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ సంబరంలో ఆమె చివరి కాగితం వైపు కన్నెత్తి చూడలేదు.

ఆకాశం చూస్తే ఇంకోలా ఉంది. పడమటి వైపు మబ్బు కమ్ముతోంది. కోతకొచ్చిన వరి మీద పడే వానను మా వైపు చెడగొట్టు వాన అంటారు. అది ఏ క్షణాన్నైనా దిగొచ్చని అందరి ఫోన్లూ చెబుతున్నాయి. ఎవరి పొలం ఇప్పుడు కోస్తే వాళ్ళ వడ్లు ఇంటికొస్తాయి, ఎవరి వంతు ఆలస్యమైతే వాళ్ళవి బురదలో కలుస్తాయి. గోడ మీది కాగితాలకు ఆ రోజు అంత విలువ.

రెండు గంటలు గడవకముందే గాంధారి వైపు నుంచి ఒక ఆటో వచ్చి ఆగింది. తండా నుంచి జమ్లీబాయి దిగింది, వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. జమ్లీబాయికి చదువు రాదు. పక్కనున్న మనిషితో గోడంతా చదివించుకుంది. చివరి కాగితం దాకా పోతే గాని ఆమె పేరు దొరకలేదు. ఆమె పేరే కాదు, తండాల పేర్లన్నీ అక్కడే, అడుగున కుప్పగా ఉన్నాయి. నేరుగా లోపలికొచ్చేసింది.

"బిడ్డా, మేము సంఘం మనుషులం కామా?"

"ఎందుకు కారు అవ్వా? వరుస కంప్యూటర్ పెట్టింది. ఎవలు నడుమ చెయ్యి పెట్టలె," అంది కృపారాణి. గర్వంగానే అంది.

"కంప్యూటర్ మా తండాకు వచ్చి సూసిందా? తాడ్వాయోళ్ళు నాటేసేనాటికి మా మడి పచ్చగైంది. ఇయ్యాల మా వడ్లు ముట్టుకుంటె రాలుతున్నయ్. వాన పడ్డదనుకో, మాకు గడ్డి గూడ మిగుల్దు." ఆమె గొంతు పెరిగింది. "ఇంతకుముందు సారు మమ్ముల కింద ఏస్తుండె. ఇప్పుడు నీ మిషన్ గూడ గదే జేస్తుంటె ఇగ ఎవల్ని అడుగాలె?"

కృపారాణి షీట్ చివరికి పోయి చూసింది. తండాల తేదీలు అన్నిటికంటే ముందువి. అయినా అన్నిటికంటే కింద ఉన్నాయి. ఒక తేదీ మీద నొక్కి చూస్తే సంగతి తెలిసింది. రాజలింగు తేదీల నడుమ చుక్కలు పెట్టాడు. అతని తప్పేముంది, మన బళ్ళో పంతులు నల్లబల్ల మీద తేదీ చుక్కలు పెట్టే రాశాడు, పంచాయతీలోనూ దవాఖానలోనూ అందరూ అలాగే రాస్తారు. కాని ఆ కంప్యూటర్‌కు నడుమ గీత ఉంటేనే తేదీ. చుక్క పెడితే ఉత్త అక్షరాలు. వరుస పెట్టమంటే తేదీలను పైన పేర్చి, అక్షరాలను మొత్తం అడుగుకు తోసింది. చేత్తో చేసినన్నాళ్ళూ ఆమె కళ్ళతో చదివి పెట్టింది కాబట్టి చుక్కా గీతా తేడా తెలియలేదు. మాక్రో రాసేటప్పుడు అది చూసుకోవలసింది ఆమే. చూసుకోలేదు.

హనుమాండ్లు ఆమె ముఖం చూడగానే పసిగట్టాడు. పక్క గదిలోకి పిలిచి గొంతు తగ్గించాడు.

"తప్పైందా? అయితే అయ్యింది. నోరు మూసుకో. పొద్దుగాల అంటించినవ్, పగటికే తప్పంటె ఇగ నీ బటన్‌ను ఎవలు నమ్ముతరు? నిన్ను ఎవలు నమ్ముతరు? లస్మయ్య కాడికి మిషన్ పోయింది, పోని. తండా పేర్లు రేపు సప్పుడు గాకుంట నడుమ పెడుదాం. ఎవలకు తెలువది."

నిజం చెప్పాలంటే ఆ మాట ఆమెకు తగిలింది. ఎన్ని రోజుల కష్టం! బస్సులో నిద్ర మానుకుని నేర్చుకుంది. ఇప్పుడు పోయి నాదే తప్పంటే, రేపటి నుంచి ప్రతివాడూ "మొన్న తప్పు చేసింది గద" అంటాడు. బటన్ పోతుంది, ఫోన్ మళ్ళీ మోగుతుంది. మాట్లాడకుండా ఉంటే బటన్ బతుకుతుంది, తండా వడ్లు పోతాయి. "నడుమ పెడుదాం" అన్న మాట చెవిలో మళ్ళీ మోగింది. దాన్ని తీసేయడానికే కదా ఇదంతా చేసింది! ఒళ్ళు భగ్గుమంది. ఆయన మీద ఎంత మండిందో తన మీద తనకు అంతే మండింది.

"రేపటిదాక వాన ఆగుతదా సారూ? మీరు చెప్తె ఆగుతదా?"

ఆమె బయటికి నడిచింది. గోడ మీది కాగితాలను ఒక్కొక్కటే పర్రుమని చింపింది. జనం గోలగోలగా లేచారు. ఆమె అరుగు ఎక్కి వాళ్ళకంటే గట్టిగా అరిచింది.

"ఇనుండ్రి! గీ వరుస తప్పు. తప్పు కంప్యూటర్‌ది గాదు, రాజలింగన్నది గాదు. నాది. తండాలోళ్ళ తేదీలు నేను సరింగ సూడలె. ఇప్పుడు మీ కండ్ల ముంగట సక్కగ చేస్త. ఎవలు సూస్తరో లోపటికి రాండ్రి!"

ఎంతమంది పడితే అంతమంది లోపలికి జొరబడ్డారు. కుర్చీ చుట్టూ చెమట వాసన, మాటలు, తోపులాట. ఆమె చుక్కలన్నిటినీ గీతలుగా మార్చమని మాక్రోలో ఇంకో లైను రాసింది. రెండుసార్లు తప్పు పడింది. ఎవరో "దీనికేం వస్తది" అన్నారు. ఆమె ఎర్ర డబ్బా నొక్కింది. తండాల పేర్లు అడుగు నుంచి లేచి పైకొచ్చాయి. మొదటి పేరు జమ్లీబాయిది. లస్మయ్య పేరు కిందికి దిగింది, దాంతోపాటు ఇంకెందరివో దిగాయి. దిగినవాళ్ళు ఊరుకుంటారా? "పొద్దుగాల ఒక మాట, ఇప్పుడొక మాటనా?" అని మీద పడ్డారు. ఆమె అందరి మాటా విన్నది, ఎవరి పేరూ మార్చలేదు. కొత్త వరుసను సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టి చరణ్‌కు ఫోన్ చేసింది.

"చరణన్నా, ఏడున్నవ్?"

"తాడ్వాయిల. లస్మయ్య గెట్టు మీదున్న. మిషన్ దించుతున్న."

"దించకు. గాంధారికి మలుపు. జమ్లీబాయి పొలం."

హనుమాండ్లు ఫోన్ లాక్కున్నాడు. "నేను చెప్తున్న ఇను. ఆమె మాట ఇనకు, దించు!"

"ముందు నాటు, ముందు కోత అన్నా! గ్రూపుల పెట్టిన, సూస్కో!" ఆమె పక్క నుంచి అరిచింది. ఆయన చేతిలో ఫోన్ ఉన్నా ఆమె గొంతే తాడ్వాయి చేరింది.

కిటికీ దగ్గర నిలబడిన శాంతవ్వ అనే రైతు పైట సర్దుకుంటూ అంది. "నా పేరు గూడ కిందికి పోయింది. నాకు గూడ కడుపుల మండుతున్నది. గాని పిల్ల చెప్పింది నిజమే గద. గట్లనే గద తీర్మానం జేసుకున్నం."

చరణ్ తన ఫోన్‌లో గ్రూపు తెరిచి చూసుకున్నాడు. తర్వాత అన్నాడు. "సారూ, గ్రూపుల అందరు సూసిండ్రు. ఇప్పుడు నేను ఈడ దించితె గాంధారోళ్ళు నన్ను ఈ మిషన్‌కే కడ్తరు. నేను పోతున్న." జమ్లీబాయి ఆటో వైపు పరుగందుకుంది.

జనం పలచబడ్డాక హనుమాండ్లు ఫోన్‌ను టేబుల్ మీద పెట్టాడు. గొంతులో ప్రేమ లేదు. "రేపటి సంది నువ్వు రావద్దు."

ఆ సాయంత్రం బస్సులో కృపారాణి కిటికీకి తల ఆనించి ఏడ్చింది. భయంతో కాదు, కోపంతో ఏడ్చింది. అంత కష్టపడి నేర్చుకుని, అంత మురిసిపోయి, చివరి కాగితం చూడని తన తలను తనే తిట్టుకుంది. ఇంటికి పోయి సుందర్‌కు అంతా చెప్పింది. అతను అన్నం వడ్డిస్తూ, "మరి రేపు?" అని అడిగాడు. "పోత" అంది. అతను పొద్దున్నే టిఫిన్ డబ్బా కట్టి ఇచ్చాడు.

తెల్లవారకముందే వాన పడింది. చరణ్ అప్పటికే జమ్లీబాయి పొలం కోసేశాడు; మిగిలిన మిషన్లు కూడా వచ్చి కలవడంతో తండాల పొలాలు దాదాపు అన్నీ అయిపోయాయి. వడ్లు టార్పాలిన్ల కిందికి చేరాయి. తాడ్వాయిలో మాత్రం నిలబడిన వరి నిలబడ్డట్టే నేలకు వాలిపోయింది. బస్సు తాడ్వాయి దాటేదాకా కృపారాణి కిటికీలోంచి ఆ పొలాలనే చూసింది. అందులో లస్మయ్య పొలం ఏదో ఆమెకు తెలియదు.

ఆఫీసుకు వచ్చి తన కుర్చీలో కూర్చుంది. హనుమాండ్లు తలుపులో నిలబడ్డాడు.

"నిన్ను ఎవలు రమ్మన్నరు?"

"నన్ను సంఘం పెట్టుకున్నది, సంఘం కాడికి వచ్చిన. వద్దంటె అందరిని పిలిచి, ఎందుకు వద్దో అందరి ముంగట చెప్పుండ్రి. పోత." కంప్యూటర్ ఆన్ చేసింది.

ఆయన నోరు తెరిచేలోపే లస్మయ్య వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. చేతిలో పిడికెడు తడిసిన వరి కంకులు. బయట గుంపు దానంతటదే దారిచ్చింది. ముసలాయన కంకులను టేబుల్ మీద పెట్టాడు, నీళ్ళు కాగితాల మీదికి కారాయి.

"వరుస మలిపింది ఎవలు?"

"నేనే బాపూ."

"మిషన్ నా గెట్టు మీదికొచ్చి మర్లిపోయింది. కండ్లార సూసిన. ఒక్క గంట ఆగితె నా పొలం కోసెటోడు."

కృపారాణి లేచి నిలబడింది. "మొదలు తప్పు పేర్చినందుకు నన్ను తిట్టుండ్రి బాపూ. ఎంత తిట్టినా పడ్త. మీకు ఆశ పెట్టిన, గది నా తప్పే. మలిపినందుకు మాత్రం తిట్టకుండ్రి. ఇంకోపారి గట్లయితె మల్ల మలుపుత."

హనుమాండ్లుకు ఇదే అదను. జేబులోంచి పెన్ను తీసి ముందుకొచ్చాడు.

"సూసినవా లస్మన్నా, ఎంత పొగరో! గందుకే నేను నిన్న వద్దన్న. నువ్వు ఫికర్ జెయ్యకు. నీ పేరు ఇప్పుడే అందరికన్న మీద రాస్త. మిషన్ సీదా నీ మడికే వస్తది." టేబుల్ మీది జాబితా దగ్గరికి లాక్కుని పెన్ను ఆనించాడు.

"ఆగు," అన్నాడు లస్మయ్య.

పెన్ను ఆగింది.

"పోయిన యాసంగిల నా పేరు రోజుకింత కిందికి జారింది. ఎందుకు జారిందో ఎవలు చెప్పలె. అడిగితె మిషన్ ఖరాబైందంటివి. మల్లడిగితె డ్రైవర్ రాలేదంటివి. నిన్న గీ పిల్ల నన్ను కింద ఏసింది. అరుగెక్కి, తప్పు నాదని అందరికి చెప్పి మరీ ఏసిందంట. నువ్వు ఏనాడన్న చెప్పి ఏసినవా?"

హనుమాండ్లు బయటి ముఖాల వైపు చూశాడు. అక్కడ ఆయనకు కుర్చీ వేసేవాడు ఒక్కడూ కనబడలేదు.

"నువ్వు రాయకు," అన్నాడు లస్మయ్య. "ఇయ్యాల నన్ను మీద రాస్తవ్, రేపు ఇంకొకన్ని నా మీద రాస్తవ్. ఆమెనే ఒత్తని. నా పేరు ఏడికొస్తె గాడ్నే ఉండని." కృపారాణి వైపు తిరిగాడు. కళ్ళలో కోపం ఇంకా అలాగే ఉంది. "ఒత్తు బిడ్డా."

కృపారాణి తెర వైపు తిరిగింది. కళ్ళు మసకబారి తెర సరిగ్గా కనబడలేదు. చున్నీతో తుడుచుకుని, కోత అయిపోయిందని చరణ్ గ్రూపులో పెట్టిన పేర్లు తీసేసి నొక్కింది. ఊళ్ళు గబగబా తిరిగి ఆగాయి.

"రెండోది బాపూ. మీకన్న ముందుగాల తండాల ఒక్క మడి మిగిలింది."

"గది కోసెటాలకు నా మడి గూడ జర ఆరుతది," అన్నాడు లస్మయ్య. తడిసిన కంకులను తీసి ఒళ్ళో పెట్టుకుని, తన వంతు కోసం బెంచీ మీద కూర్చున్నాడు.